గాలి మీద నిలబడ్డ బండి: పాత లగ్జరీ ఎస్‌యూవీ కొనేముందు

సాహిత్య క్లబ్బు పత్రికకి కంప్రెసర్ల గురించి రాస్తానంటే మా ఎడిటర్ నవ్వింది. గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేల ఇది, వాడుక భాషలో ఒక యంత్రం గురించి రాసుకోలేకపోతే ఏటా ఆగస్టు 29న దండలు వేసి ఏం లాభం అన్నాను. సరే రాయి, కానీ మెకానికల్ వాళ్ళకి మాత్రమే కాదు, ఈసీఈ వాళ్ళకీ అర్థం కావాలి అంది. ప్రయత్నిస్తాను.

విషయం ఇదీ. కొత్తగా ఉన్నప్పుడు డెబ్బై ఎనభై లక్షలు పలికిన లగ్జరీ ఎస్‌యూవీ పదేళ్ళు గడిచేసరికి పన్నెండు పదిహేను లక్షలకి వచ్చేస్తుంది. అంటే ఒక మామూలు కొత్త కారు ధర. తోలు సీట్లు, ఆరు సిలిండర్ల ఇంజిను, పైన అద్దాల కప్పు, ముందు పెద్ద కంపెనీ గుర్తు. మన జిల్లాల్లో కాంట్రాక్టర్లు, రొయ్యల చెరువుల వాళ్ళు, జీడిపప్పు వ్యాపారులు ఈ బళ్ళ మీద మనసు పడటంలో ఆశ్చర్యం లేదు. కానీ ధర అంతలా పడిపోవడానికి కారణాలుంటాయి. అందులో ఒక ముఖ్యమైన కారణం కారు కింద, చక్రాల పక్కన, నల్లటి రబ్బరు సంచుల్లో ఉంటుంది. దాని పేరు ఎయిర్ సస్పెన్షన్.

ఇది పాడైతే ఇంజిను బాగానే ఉన్నా బండి నేలకి అతుక్కుపోతుంది. అదృష్టం ఏమిటంటే, కొనేముందే దీని జాతకం చూడొచ్చు. కావలసిన సామాను ఒక కొలత టేపు, కాగితం, పెన్ను, సబ్బు నీళ్ళ సీసా, ఒక రాత్రి ఓపిక.

స్ప్రింగు ఉండగా గాలి ఎందుకు?

మన సాలూరు లారీలకి కింద కమాన్ కట్టలు ఉంటాయి. మామూలు కార్లకి ఇనుప కాయిల్ స్ప్రింగులు. రెండూ మొండి ఘటాలు. వాటితో చిక్కు ఒకటే: స్ప్రింగు గట్టితనం మారదు, మోసే బరువు మారుతుంది. ఒక్కడే కూర్చున్నప్పుడు సరిగ్గా ఉన్న కారు, ఏడుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా వేసేసరికి వెనక్కి కుంగిపోతుంది. బరువుకి తగ్గట్టు స్ప్రింగు గట్టిగా పెడితే ఖాళీగా ఉన్నప్పుడు నడుం విరుగుతుంది.

గాలి స్ప్రింగు ఈ చిక్కుని చక్కగా విప్పుతుంది. బరువు పెరిగితే కంప్యూటరు ఇంకొంచెం గాలి పంపి కారుని పాత ఎత్తుకే తెస్తుంది. ఎత్తు మారలేదు కాబట్టి సంచి ఘనపరిమాణం మారలేదు, పీడనం మాత్రం బరువుతో పాటు పెరిగింది. పీడనం పెరిగితే గాలి స్ప్రింగు గట్టితనం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఊగే వేగం గట్టితనాన్ని బరువుతో భాగించిన దాని వర్గమూలం మీద ఆధారపడుతుందని మనం వైబ్రేషన్స్‌లో చదువుకున్నాం కదా. రెండూ కలిసి పెరిగితే ఊగే వేగం అలాగే ఉంటుంది. ఒక్కడున్నా ఏడుగురున్నా కారు ఒకేలా తేలుతుంది. అదీ దీని గొప్ప.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అనే అమెరికా కారు నాలుగు చక్రాలకీ గాలి స్ప్రింగులతో వచ్చింది. గాలి నిలవక, చాలామంది యజమానులు వాటిని పీకించి ఇనుప కాయిల్స్ వేయించుకున్నారు. ఈ రోజు మన మెకానిక్కులు ఇచ్చే సలహా అమెరికాలో అప్పుడే మొదలైందన్నమాట. తర్వాత 1961లో మెర్సిడెస్ 300 ఎస్‌ఈ, 1992లో రేంజ్ రోవర్, 1998లో ఎయిర్‌మాటిక్ పేరుతో మెర్సిడెస్ ఎస్ క్లాస్ దీన్ని తెచ్చాయి. ఆ తర్వాత ఆడి, ఫోక్స్‌వాగన్, పోర్షె, వోల్వో పెద్ద బళ్ళకి కూడా పాకింది.

చూడాలంటే లగ్జరీ కారే అక్కర్లేదు. ఆర్టీసీ వోల్వో బస్సు కింద ఉన్నవీ గాలి సంచులే. విజయనగరం మీదుగా వెళ్ళే విశాఖ–దుర్గ్ వందే భారత్ పెట్టె కూడా గాలి స్ప్రింగుల మీదే కూర్చుంటుంది. వాటిని చూసుకోడానికి డిపోలో ఫిట్టర్లుంటారు, తనిఖీకి తేదీలుంటాయి. సొంత కారుకి ఆ రెండూ ఉండవు.

లోపల ఏముంటుంది?

ఆరు వస్తువులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, నాలుగు మూలల్లో గాలి సంచులు. వీటిని మెకానిక్కులు బెలోస్ అంటారు. ప్రమాదంలో తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు వేరు, కలిపేసుకోకండి. రెండు, గాలి కొట్టే కంప్రెసర్. మూడు, ఆ గాలిలోని తేమని పీల్చే డ్రయర్. లోపల సిలికా జెల్ లాంటి గుళికలుంటాయి. నాలుగు, ఏ మూలకి గాలి వెళ్ళాలో తేల్చే వాల్వ్ బ్లాక్. అయిదు, ప్రతి మూలా ఎంత ఎత్తులో ఉందో చెప్పే సెన్సార్లు. ఆరు, వీటన్నిటినీ నడిపే కంట్రోల్ యూనిట్. చాలా బళ్ళలో గాలి నిల్వ ఉంచే చిన్న ట్యాంకు కూడా ఉంటుంది.

సంచిలో పీడనం ఎంతో ఒక ముతక లెక్క వేద్దాం. ఒక మూల మోసే బరువు సుమారు 520 కిలోలు, అంటే 5100 న్యూటన్లు. సంచి పనిచేసే వ్యాసం 12 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం 113 చదరపు సెంటీమీటర్లు. బరువుని వైశాల్యంతో భాగిస్తే దాదాపు నాలుగున్నర బార్లు. కారు టైరులో ఉండేది రెండుంబావు, రెండున్నర. అంటే టైరుకి రెట్టింపు పీడనాన్ని ఒక పల్చటి రబ్బరు, రోజంతా మడతపడుతూ విప్పుకుంటూ, పదేళ్ళు ఆపాలి. టైరుని నాలుగయిదేళ్ళకి మార్చేస్తాం. దీన్ని మాత్రం పగిలేదాకా ఎవరూ తలుచుకోరు.

చిన్న లీకు, పెద్ద బిల్లు

ఈ వ్యవస్థ పాడయ్యే వరస తెలిస్తే తర్వాత చెప్పే పరీక్షలన్నీ సులువుగా అర్థమవుతాయి. మొదట ఒక సంచి మడతలో సన్నటి పగులు వస్తుంది. రాత్రికి కొంచెం దిగుతుంది, పొద్దున్న కంప్రెసర్ లేపేస్తుంది. యజమానికి ఏమీ తెలీదు. కంప్రెసర్ రోజుకి రెండు నిమిషాలు తిరగాల్సింది పది, ఇరవై నిమిషాలు తిరుగుతుంది. పిస్టన్ రింగు అరుగుతుంది, వేడెక్కుతుంది. ఎక్కువ గాలి లాగితే ఎక్కువ తేమ వస్తుంది. మన తీరంలో గాలికి తేమ కొదవా? డ్రయర్ గుళికలు తడిసి పిండవుతాయి. ఆ తేమ, ఆ పిండి వాల్వ్ బ్లాకులోకి పోతాయి. వాల్వులు సరిగ్గా మూసుకోవు, మళ్ళీ లీకు. ఎక్కువసేపు కరెంటు లాగి లాగి రిలే అతుక్కుంటుంది, ఇక కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

కాబట్టి "కంప్రెసర్ కొత్తది వేయించాం సార్" అని అమ్మేవాళ్ళు గర్వంగా చెప్తే సంతోషపడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పాతది ఎందుకు పోయింది? లీకు అలాగే ఉంచి కంప్రెసర్ మారిస్తే, చిల్లు కుండకి కొత్త మూత పెట్టినట్టే. కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది.

పరీక్ష: సాయంత్రం నుంచి పొద్దున్నదాకా

ఈ వేసవిలో మా బావ ఒక బండి చూశాడు. బావది పలాసలో జీడిపప్పు వ్యాపారం. బండి విశాఖలో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర ఉంది. 2013 మోడల్, అడిగిన ధర పద్నాలుగు లక్షలు. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు, ఆ వయసులో ఏ కంపెనీ బండికైనా ఇదే కథ. బావ పెట్టబోయే డబ్బు సరదా డబ్బు కాదు. సీజన్‌లో ఉద్దానం రైతుల దగ్గర జీడి పిక్కలు కొనడానికి ఉంచుకున్న పెట్టుబడి. "ఒరే, మెకానికల్ సదువుతున్నావు గదా, ఓపాలి వచ్చి సూడు, నాకైతే నచ్చీసింది" అని ఫోన్ చేశాడు. ఆ రెండు రోజుల్లో చేసినవే ఈ పరీక్షలు. మా అంకెలతో సహా చెప్తాను.

మొదటి మెట్టు, చదునైన నేల. గచ్చు వాలుగా ఉంటే కొలతలకి అర్థం లేదు. డ్రైవర్ సీట్లో ఎవరూ ఉండకూడదు, డిక్కీ ఖాళీగా ఉండాలి. బండి మామూలు ఎత్తులో ఉండాలి.

రెండో మెట్టు, కొలత. చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా పైన ఉన్న ఫెండర్ అంచుదాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తక్కువున్నా అంకె మారిపోతుంది. చక్రం మధ్య నుంచి కొలిస్తే ఆ గొడవ లేదు. సాయంత్రం ఏడుకి మా కొలతలు, మిల్లీమీటర్లలో: ముందు ఎడమ 462, ముందు కుడి 463, వెనక ఎడమ 470, వెనక కుడి 471. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలకి ఒక మిల్లీమీటరే తేడా. చక్కగా ఉంది. మేం టేపు పట్టుకుని తిరుగుతుంటే వ్యాపారి, "ఏటి బాబూ, కారుకి చొక్కా కుట్టిస్తారేటి?" అన్నాడు. నవ్వాం, కానీ అంకెలు రాసుకున్నాం.

మూడో మెట్టు, రాత్రంతా వదిలేయడం. తాళం వేసి, పొద్దున్న మేం వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయొద్దని అడిగాం. ఇది చాలా ముఖ్యం. అమ్మేవాళ్ళు మీరొచ్చేసరికి బండి వేడిగా, ఎత్తుగా, తళతళలాడుతూ సిద్ధంగా ఉంచుతారు. గంట ముందు గాలి కొట్టిన సంచి లీకు చెప్పదు.

నాలుగో మెట్టు, పొద్దున్న తలుపు తీయకముందే కొలవడం. చాలా బళ్ళలో తాళం తీసినా, తలుపు తెరిచినా కంట్రోల్ యూనిట్ మేలుకుంటుంది. ట్యాంకులో గాలి ఉంటే గబుక్కున ఎత్తు సర్దేస్తుంది, సాక్ష్యం పోతుంది. పొద్దున్న ఏడుకి మా అంకెలు: ముందు ఎడమ 456, ముందు కుడి 421, వెనక ఎడమ 468, వెనక కుడి 463.

ఇక్కడ థర్మోడైనమిక్స్ పనికొచ్చింది. బండి బరువు మారలేదు కాబట్టి సంచిలో పీడనం మారదు. రాత్రికి గాలి చల్లబడితే ఛార్లెస్ నియమం ప్రకారం ఘనపరిమాణం తగ్గుతుంది. సాయంత్రం 34 డిగ్రీలు, తెల్లవారుజామున 25 అనుకోండి. కెల్విన్లలో 307 నుంచి 298కి. దాదాపు మూడు శాతం. సంచిలో గాలి స్తంభం 20 సెంటీమీటర్లనుకుంటే ఆరు మిల్లీమీటర్లు. అంటే ఒక రాత్రికి నాలుగయిదారు మిల్లీమీటర్లు దిగితే కంగారు పడక్కర్లేదు, అది వాతావరణం. ముందు కుడి మూల దిగింది 42. అది వాతావరణం కాదు, లీకు. వెనక ఎడమ రెండే దిగడానికి కారణం కూడా అదే. కుర్చీకి ఒక కాలు పొట్టిదైతే ఎదురు మూల తేలినట్టు, ముందు కుడి కుంగితే దాని ఎదురు మూల మీద బరువు తగ్గుతుంది, మిగతా రెండు మూలల మీద పెరుగుతుంది.

కంటికి ఇదేదీ కనపడలేదు. 42 మిల్లీమీటర్లంటే నాలుగు వేళ్ళ మందం కూడా లేదు. బావ దూరం నుంచి చూసి, "బాగానే ఉంది గదరా" అన్నాడు. టేపు ఒప్పుకోలేదు.

అయిదో మెట్టు, స్టార్ట్ చేసి చెవి పెట్టడం. తలుపులన్నీ మూసి ఉండాలి. తెరిచి ఉంటే చాలా బళ్ళు లేవవు, అది లోపం కాదు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. కంప్రెసర్ మెత్తగా గుర్రుమని కాసేపు తిరిగి ఆగిపోవాలి. గరగరలాడినా, బండి కింద ఏదో కొట్టుకుంటున్నట్టున్నా అరిగిపోయిందని. ఆగకుండా తిరుగుతూనే ఉంటే లీకు పెద్దదని, లేదా రిలే అతుక్కుందని.

ఆరో మెట్టు, అన్ని ఎత్తులూ ఎక్కించి దించడం. కింది స్థాయి, మామూలు, పై స్థాయి, మళ్ళీ కిందకి. వరసగా రెండుసార్లు. ప్రతి స్థాయిలోనూ నాలుగు మూలలూ కలిసి కదులుతున్నాయో లేదో బయట ఒకరు నిలబడి చూడాలి. మా బండి మొదటిసారి బాగానే లేచింది. రెండోసారి సగంలో ఆగి పసుపు దీపం వెలిగింది. పది నిమిషాలు ఆగితే మళ్ళీ మామూలుగా లేచింది. అది తనంతట తాను బాగుపడటం కాదు. కంప్రెసర్ మరీ వేడెక్కితే కంట్రోల్ యూనిట్ దాన్ని ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ వదులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంప్రెసర్ రెండు చుట్లకే అలసిపోదు.

ఏడో మెట్టు, సబ్బు నీళ్ళు. సైకిల్ ట్యూబు పంక్చరు వెతికే పద్ధతే. సంచి మడతల మీద, పైపు కలిసే చోట చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. మడత ఎక్కడ పడుతుందో అక్కడే రబ్బరు పగులుతుంది. ఒక్కో ఎత్తుకి మడత ఒక్కో చోట పడుతుంది కాబట్టి, పైకి లేపినప్పుడు కారని గాలి కిందకి దించినప్పుడు కారొచ్చు. అందుకే రెండు ఎత్తుల్లోనూ చూడాలి. చాలా బళ్ళలో సంచి మీద దుమ్ము తొడుగు ఉంటుంది, అది మెకానిక్ తీస్తేనే కనపడుతుంది.

ఈ మెట్టులో ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. గాలి మీద నిలబడ్డ బండి కిందకి తల దూర్చకండి. సంచి పగిలినా, ఎవరైనా తలుపు తీసి మూసినా, రెండు టన్నుల పైన బరువు ఒక్కసారిగా కిందకి దిగొచ్చు. ర్యాంపు మీదో, లిఫ్టు మీదో, సరైన స్టాండ్ల మీదో ఉంటేనే కిందకి వెళ్ళాలి. జాకీ పెట్టేముందు సస్పెన్షన్ని జాకీ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే చక్రం లేచింది కదాని కంప్యూటరు గాలి వదిలేస్తుంది.

ఏ లక్షణానికి ఏ రోగం?

మొత్తం రోగ నిర్ణయాన్ని రెండు ప్రశ్నల్లో పెట్టొచ్చు. ఇంజిను నడుస్తున్నప్పుడు బండి సమంగా ఉందా? ఆపి వదిలేస్తే ఎత్తు నిలబడుతోందా?

నడుస్తున్నప్పుడు సమంగా ఉండి, వదిలేస్తే ఒక మూల మాత్రం దిగితే ఆ మూల సంచో, దాని పైపో, పైపు కలిసే చోటో లీకు. మా బండిది ఇదే.

నడుస్తున్నప్పుడే ఒక మూల వంకరగా ఉండి, రాత్రి వదిలేసినా ఆ వంకర మారకపోతే అది లీకు కాదు. ఎత్తు సెన్సార్ తప్పు చెప్తోంది, లేదా దాని చిన్న కడ్డీ వంగింది, లేదా క్యాలిబ్రేషన్ తప్పింది. ఇది తక్కువ ఖర్చు రోగం. ధర తగ్గించుకోడానికి పనికొచ్చే రోగం కూడా.

ముందు రెండు మూలలూ కలిసి దిగితే, వెనకవి నిలబడితే వాల్వ్ బ్లాకు మీద అనుమానం. రెండు సంచులూ ఒకే రాత్రి ఒకేలా కారడం అరుదు కదా.

నాలుగూ సమంగా దిగితే తొందరపడకండి. కొన్ని బళ్ళలో కంట్రోల్ యూనిట్ ఆపిన కొన్ని గంటలకోసారి నిద్రలేచి, ఏ మూల తక్కువుంటే మిగతా మూడింటినీ ఆ ఎత్తుకి దించుతుంది, బండి వంకరగా కనపడకూడదని. అంటే ఒక్క మూల లీకైనా మొత్తం బండి దిగిపోయి కనిపిస్తుంది. అలాంటప్పుడు ఏ మూలదో తేల్చడానికి యజమాని అనుమతితో మెకానిక్ సస్పెన్షన్ ఫ్యూజు తీసి రాత్రంతా ఉంచుతాడు.

రాత్రంతా నిలబడి, పొద్దున్న లేవమంటే లేవకపోతే సంచులు మంచివే. కంప్రెసర్, రిలే, ఫ్యూజు చూడాలి. బ్యాటరీ కూడా. కంప్రెసర్‌కి గట్టి కరెంటు కావాలి. వోల్టేజి తగ్గితే ఈ బళ్ళు ముందు సస్పెన్షన్ మీదే ఫిర్యాదు చేస్తాయి.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ పరికరం ఇంజిను సంగతులే ఎక్కువగా చెప్తుంది. సస్పెన్షన్ యూనిట్‌తో మాట్లాడాలంటే ఆ కంపెనీకి సరిపోయే స్కానర్ కావాలి. విశాఖలో అన్ని కంపెనీల బళ్ళూ చూసే మంచి ప్రైవేటు వర్క్‌షాపుల్లో అది ఉంటుంది. కోడ్లు ఒక్కటే చూసి వదిలేయకుండా లైవ్ డేటా అడగండి: నాలుగు మూలల ఎత్తులు, ట్యాంకు పీడనం, కంప్రెసర్ ఉష్ణోగ్రత. సెన్సార్ చెప్పే ఎత్తుని మీ టేపు చెప్పే ఎత్తుతో పోల్చండి.

కోడ్లు ఏమీ లేకపోవడం కూడా ఒక సమాచారమే. ఇంజిను రెడీనెస్ పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో మెమరీ చెరిపారని, లేదా బ్యాటరీ తీశారని అర్థం. మా బండిలో అలాగే ఉంది. "బ్యాటరీ మార్చాం" అన్నాడు వ్యాపారి. నిజమే అయుండొచ్చు. మాకు అతని నిజాయితీ తేల్చే పని లేదు, బండి నిజం తేల్చితే చాలు. ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్ళీ స్కాన్ చేయించాం. కంప్రెసర్ వేడెక్కిందన్న కోడు తిరిగి వచ్చి కూర్చుంది.

మన తీరం, మన వానలు

పుస్తకంలో ఉండని కొన్ని సంగతులు మన ప్రాంతానికి ఉన్నాయి. భీమిలి నుంచి కళింగపట్నం, బారువ దాకా ఉప్పు గాలి. ఇది రబ్బరు కంటే ముందు సెన్సార్ కడ్డీలనీ, వైరు కనెక్టర్లనీ, కంప్రెసర్ బిగించిన బోల్టులనీ తింటుంది. సముద్రం పక్క ఇంట్లో పెరిగిన బండి అయితే కనెక్టర్లు విప్పించి పచ్చగా పట్టిందేమో చూడాలి.

రెండోది బురద. ఎర్రమట్టి సంచి మడతలో ఎండిపోతే గరుకు కాగితంలా రుద్దుతూనే ఉంటుంది. పొలాల దారుల్లో తిరిగిన బండికి మడతలు మంచినీళ్ళతో కడిగే అలవాటుందా అని అడగండి.

మూడోది తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస, ఉద్దానం ప్రాంతాన్ని ముంచెత్తాయి. చాలా ఎస్‌యూవీల్లో కంప్రెసర్ కింద, తక్కువ ఎత్తులో ఉంటుంది. నీళ్ళలో మునిగిన బండి ఇంజిను ఆరబెట్టి తిప్పేయొచ్చు, కంప్రెసర్లోకి, వాల్వ్ బ్లాకులోకి పోయిన నీరు నిదానంగా పని చేస్తుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్పేర్ టైరు గుంతలో సన్నటి ఒండ్రు, బెల్టు మొత్తం బయటికి లాగితే చివర మరక ఇవి చూసుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర కూడా అడగండి.

కాయిల్ వేయించేస్తే పోదా?

ఈ మాట ప్రతి షెడ్డులోనూ వినపడుతుంది. గాలి పీకేసి ఇనుప కాయిల్ వేస్తే ఖర్చు తగ్గుతుంది, రోడ్డు మీద నిలబెట్టదు. అది నిజమే. కానీ పోయేవి కూడా ఉన్నాయి: ఎత్తు మార్చుకునే వీలు, బరువుకి తగ్గట్టు సర్దుకునే గుణం, ఆ తేలే ప్రయాణం. అసలు ఆ ప్రయాణం కోసమే కదా ఆ బండి కొనేది. హెడ్‌లైట్ల వాలు, స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఎత్తు సమాచారం వాడుకుంటాయి, వాటిని సరిగ్గా సర్దకపోతే కొత్త తలనొప్పి.

మీరు చూసే బండికి ముందే ఎవరో ఇలా మార్చి చెప్పకుండా అమ్ముతుండొచ్చు. గుర్తుపట్టడం సులువు. ఇగ్నిషన్ పెట్టినప్పుడు మిగతా దీపాలతో పాటు సస్పెన్షన్ దీపం కూడా ఒక్క క్షణం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని తీసేశారేమో. ఎత్తు మీట నొక్కితే ఏమీ కదలకపోతే టార్చి వేసి చక్రం వెనక చూడండి, రబ్బరు సంచి ఉందా, చుట్టలు చుట్టిన ఇనుము ఉందా.

డబ్బు లెక్క

మాకు విశాఖలో ఒక వర్క్‌షాపు ఇచ్చిన అంచనా రెండు లక్షల పది వేలు: ముందు కుడి స్ట్రట్, కంప్రెసర్, డ్రయర్, రిలే, కూలీ. మెకానిక్ ఇంకో మాట కూడా చెప్పాడు. మిగతా మూడు సంచులదీ అదే వయసు, ఒకటి పోయిందంటే మిగతావి వరసలో నిలబడ్డాయని. అంటే ఈ రెండు లక్షలు మొదటి వాయిదా అనుకోవాలి. వ్యాపారి యాభై వేలు తగ్గిస్తానన్నాడు.

నేను బావకి ఒకే మాట అడిగాను. టెక్కలి దాటాక రాత్రి పదకొండింటికి బండి కూలబడితే ఏం చేస్తావు? గాలి పూర్తిగా పోయిన బండి బంప్ స్టాపుల మీద కూర్చుంటుంది. స్ప్రింగు అన్నది లేకుండా ప్రతి గతుకూ నేరుగా బాడీకి తగులుతుంది, టైరు ఫెండర్‌కి రాసుకోవచ్చు, మలుపులో పట్టు ఉండదు. దాన్ని నడపకూడదు, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించాలి. పలాస నుంచి విశాఖ దాదాపు 180 కిలోమీటర్లు. సీజన్‌లో పిక్కల కోసం రోజూ ఊళ్ళు తిరిగేవాడికి వారం రోజులు బండి షెడ్డులో ఉంటే నష్టం ఎంత?

బావ చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. స్టీరింగు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. చివరికి, "బాగుందిరా, కానీ ఇది మనకి కాదు" అని దిగిపోయాడు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కాబట్టి వివాదం లేకుండా వచ్చేశాం.

అదే బండిని విశాఖలోనే ఉండే, మంచి మెకానిక్ తెలిసిన, ఇంట్లో ఇంకో కారున్న మనిషి పదకొండున్నరకి కొని రెండున్నర లక్షలు పెట్టి బాగు చేయించుకుంటే అది తప్పు బేరమేమీ కాదు. లీకున్న బండి కొనకూడదని శాసనం లేదు. లీకుందని తెలిసి, దాని ధర కట్టి కొనాలి. తెలియకుండా కొంటేనే ఆ పద్నాలుగు లక్షలు పదిహేడు అవుతాయి.

బయల్దేరేముందు

ఇంట్లో ఎవరైనా ఇలాంటి బండి చూస్తున్నారంటే ఇవి గుర్తు చేయండి. ముందురోజు సాయంత్రమే వెళ్ళండి. చదును నేల మీద, చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా నాలుగు మూలలూ కొలిచి రాసుకోండి. పొద్దున్న తలుపు తీయకముందే మళ్ళీ కొలవండి. ఏడెనిమిది మిల్లీమీటర్లదాకా పర్వాలేదు, ఒక మూల పదిహేను ఇరవై దాటితే లీకనే అనుకోండి. అన్ని ఎత్తులూ రెండుసార్లు తిప్పండి. చెవితో వినండి, సబ్బు నీళ్ళు చల్లండి, సరైన స్కానర్ పెట్టించండి, ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్ళీ పెట్టించండి. రిపేరు అంచనా రాతపూర్వకంగా తీసుకున్నాకే ధర మాట్లాడండి. రాత్రంతా బండి కదపకుండా ఉంచమంటే అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోకపోవడాన్ని కూడా ఒక కొలతగా రాసుకోండి.